ఓడినోడే కట్టాలా... ఇదేం పాట?

నొక్కు నొక్కుకీ పది రూపాయలు.. ఇంటర్నెట్ వేలాల్లో చేతులు కాల్చుకున్నవాళ్ల అనుభవాలు

ఖల్లికోట (గంజాం జిల్లా):

పొద్దున్న తొమ్మిదింటికి నెట్ సెంటర్ షట్టర్ ఎత్తేసరికే ఆ కుర్రాడు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. కంప్యూటర్ ఆన్ అయ్యేదాకా కూర్చోలేకపోయాడు. తెర మీద పేజీ తెరుచుకుంది. నిన్న రాత్రి వదిలి వెళ్లిన 500 నొక్కుల దగ్గర ఇప్పుడు సున్నా ఉంది. ఫోన్ బొమ్మ పక్కన ఎవరిదో తెలియని పేరు, దాని కింద ‘అమ్ముడైంది’ అన్న మాట. ధర రూ.1,846. బజార్లో ఆ ఫోన్ ఖరీదు రూ.24 వేలు.

అది 2012వ సంవత్సరం. ఆ కుర్రాడు ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరడానికి బరంపురం వెళ్లాల్సిన రోజులు. తండ్రి సూరత్‌లో మరమగ్గాల మీద పని. గంజాం జిల్లాలో ఇంటికొకరు సూరత్ బండెక్కిన ఊళ్లెన్నో ఉన్నాయి కాబట్టి ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. కాలేజీ ఫీజుకని తండ్రి పంపింది రూ.7,500. అందులో ఆరు వేలు ఒక్క రోజులో ఆ పేజీ మింగేసింది.

‘‘వేలం అంటే మనకి తెలీనిదేటండీ.. పాట పాడితే దక్కుద్ది, లేకపోతే లేదు. పోయేదేటుంది అనుకున్నాను. నొక్కినందుకే డబ్బులు పోతాయని రాసే ఉంది గానీ, ఆ మాట బుర్రకెక్కలేదు’’ అంటాడతను. ఇప్పుడు ఖల్లికోట బజార్లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. పేరు రాయొద్దన్నాడు. తండ్రికి ఇప్పటికీ పూర్తి సంగతి తెలియదట.

‘పే టు బిడ్’, ‘పెన్నీ ఆక్షన్’ అని పిలిచే ఈ వేలాలు మన దేశంలోకి 2010 తర్వాత వచ్చాయి. కొన్ని కొన్నాళ్లకే మూతపడ్డాయి. కొన్ని పేరు మార్చుకున్నాయి. ఆ పద్ధతి మాత్రం పోలేదు. అప్పట్లో నెట్ సెంటర్‌కి వెళ్తే గానీ దొరకని ఉచ్చు ఇప్పుడు చేతిలో ఫోన్‌లోకే వచ్చి కూర్చుంటుంది. అందుకే పాత కథే అయినా మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది.

మన పాటలు వేరు

పాట మనకు కొత్త కాదు. గోపాలపూర్ ఒడ్డుకి పడవ చేరిందంటే చాలు. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు వల దులిపి చేపను ఇసకలో కుప్ప పోస్తారు. చుట్టూ వ్యాపారులు, బుట్టలతో ఆడవాళ్లు. ఒకరు పాట మొదలెడితే ఇంకొకరు పెంచుతారు. ఎవరి మాట దగ్గర ఆగిందో వాళ్లు డబ్బు కట్టి చేప ఎత్తుకుంటారు. మిగతావాళ్లు చీర చెంగు దులుపుకుని పక్క పడవ దగ్గరికి నడుస్తారు. వాళ్ల మూట విప్పాల్సిన పని లేదు.

చెరువు పాటైనా, సంత పాటైనా అంతే. ముందుగా ధరావత్తు కట్టించుకున్నా, పాట దక్కనివాళ్లకు దాన్ని తిరిగిచ్చేస్తారు. హైదరాబాద్ బాలాపూర్ వినాయకుడి లడ్డూ పాట చూడండి. 1994లో రూ.450తో మొదలైంది. 2025లో రూ.35 లక్షలు పలికింది. అంత పెద్ద మొత్తమూ కట్టింది దక్కించుకున్నాయనే. పోటీ పడి ఓడినవాళ్ల జేబులోంచి పైసా కదల్లేదు.

చీటీ పాటలో ఇంకో అడుగు ముందుకే. ఇరవై మంది నెలకు అయిదేసి వేలు కట్టే లక్ష రూపాయల చీటీ అనుకోండి. అవసరం ఉన్న ఒకాయన ఇరవై వేలు వదులుకుని పాడుకున్నాడు. అందులో చీటీ నడిపేవాడి కమీషను అయిదు వేలు పోగా మిగిలిన పదిహేను వేలూ ఇరవై మందికీ పంచితే తలా రూ.750 వస్తుంది. అంటే పాట దక్కనివాడికి ఎదురు డబ్బు వస్తుంది!

నొక్కుడు వేలంలో అంతా తలకిందులు. అక్కడ వస్తువు దక్కించుకున్నవాడు కట్టేది కొసరు. అసలు సొమ్ము కట్టేది ఓడినవాళ్లు. తేడా అంతా ఇక్కడే ఉంది.

లెక్క వేస్తే గుట్టు రట్టు

ఖల్లికోట కుర్రాడు చూసిన సైటు నిబంధనలు ఇవీ. ముందుగా నొక్కులు కొనుక్కోవాలి. వంద నొక్కుల కట్ట రూ.1,000. అంటే ఒక్కోటి పది రూపాయలు. ఫోన్ ధర సున్నా నుంచి మొదలవుతుంది. ఎవరు నొక్కినా ధర 50 పైసలు పెరుగుతుంది, గడియారం మళ్లీ 15 సెకన్లకు వెళ్తుంది. ఆ 15 సెకన్లలో ఇంకెవరూ నొక్కకపోతే చివర నొక్కినవాడిది ఫోన్. అప్పటికి తెర మీద ఉన్న ధర కట్టి తీసుకోవాలి. వాడేసిన నొక్కులకు డబ్బు వాపసు ఉండదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి.

ధర రూ.1,846 దాకా వెళ్లింది. ఒక్కో నొక్కుకి 50 పైసలు చొప్పున పెరిగిందంటే మొత్తం నొక్కులు 3,692. నొక్కుకి పది రూపాయలు. సైటుకు నొక్కుల మీదే రూ.36,920 వచ్చింది. దానికి గెలిచినవాడు కట్టే రూ.1,846 కలిపితే రూ.38,766. ఫోన్ ఖరీదు 24 వేలు తీసేసినా దాదాపు పదిహేను వేలు మిగులు!

గెలిచినవాడు నాలుగొందల సార్లు నొక్కి ఉంటాడనుకుందాం. నాలుగు వేలు నొక్కులకు, ధర రూ.1,846. మొత్తం రూ.5,846కి 24 వేల ఫోన్ వచ్చింది. అతనికి లాభమే. అబద్ధం లేదు. కానీ మిగతా 3,292 నొక్కుల సొమ్ము రూ.32,920 ఎవరిది? పేరు కూడా కనపడని పదులమందిది. అందులో ఆరు వేలు సూరత్ మగ్గం మీద సంపాదించినవి.

సైటులో ‘24 వేల ఫోన్ రూ.1,846కే’ అని పెద్దక్షరాలతో రాసుకుంటారు. అది నిజమే. ఆ 1,846 వెనక మూడున్నర వేల పైచిలుకు పది రూపాయల నోట్లున్నాయని రాయరు. ధర ఎంత చవగ్గా కనిపిస్తే జనం అంత ఎక్కువమంది ఎగబడతారు. ఎంత ఎక్కువమంది ఎగబడితే సైటుకి అంత లాభం.

‘ఇప్పుడాగితే పెట్టింది పోద్ది కదా’

ఆ రోజు ఏం జరిగిందో అతని మాటల్లోనే...

‘‘మధ్యాహ్నం వెయ్యి రూపాయలు ఇచ్చాను. నాకు బ్యాంకు కార్డు లేదు. సెంటర్ ఆయన తన కార్డు గీకి, వెయ్యికి ఇరవై కమీషన్ పట్టుకున్నాడు. ధర మూడొందల్లో ఉంది. వంద నొక్కులు సాయంత్రానికి అయిపోయాయి. నేను నొక్కడం, పన్నెండో సెకనుకో పదమూడో సెకనుకో ఇంకోడు నొక్కడం. ఒకసారైతే కౌంటు ఒకటి దాకా వచ్చింది.. నాదే అనుకున్నాను. గుండె ఆగిపోయినంత పనైంది. అప్పుడే ఎవడో నొక్కేశాడు.

‘‘వెయ్యి పోయింది. లేచిపోదామనుకున్నాను. కానీ ఇప్పుడాగితే పెట్టింది పోద్ది కదా అనిపించింది. ఇంకో అయిదు వేలు ఇచ్చాను. రాత్రి పదింటికి సెంటర్ కట్టేస్తానన్నాడు. ఆ సైటులో ఆటో బిడ్ అని ఉంది. మనం లేకపోయినా అదే నొక్కుతాది. అయిదొందలూ అందులో పెట్టేసి ఇంటికి పోయాను. మా అమ్మ అన్నం తినరా గుంటా అంటే ఆకల్లేదన్నాను. రేపు ఫోన్ వస్తే అమ్మేసి, ఫీజు కట్టేసి, పై డబ్బుతో అప్పకి చీర కొందామని లెక్కలేసుకుంటూ పడుకున్నాను.’’

పొద్దున్న సున్నా చూశాక సైటు ఇంకో మాట చెప్పింది. ‘‘మీరు పోగొట్టుకున్న ఆరు వేలూ ఖరీదులో తగ్గించుకుంటాం. ఇంకో 18 వేలు కడితే ఫోన్ మీదే.’’ వినడానికి న్యాయంగానే ఉంది. ఫీజు డబ్బు పోగొట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడికి 18 వేలు ఎక్కడివి?

తల్లికి చెప్పక తప్పలేదు. ఆమె కేకలు వేయలేదట. చెవుల దుద్దులు తాకట్టు పెట్టి గడువులోగా ఫీజు కట్టించింది. ‘‘మీ నాన్నకి సెప్పకు. అక్కడ పన్నెండు గంటలు నిలబడి పని సేస్తన్నాడు’’ అని మాత్రం అంది. ఆ దుద్దులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది.

‘ఇప్పుడాగితే పెట్టింది పోద్ది’ అన్న ఆ మాట ఒక్క ఖల్లికోట కుర్రాడిది కాదు. 1971లో అమెరికా ఆర్థికవేత్త మార్టిన్ షూబిక్ ఒక ఆట గురించి రాశాడు. ఒక డాలరు నోటును వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడికి నోటు. అయితే రెండో స్థానంలో ఆగినవాడు కూడా తన పాట మొత్తం కట్టాల్సిందే, చేతికి మాత్రం ఏమీ రాదు. ఈ ఒక్క నిబంధనతో కథ మారిపోతుంది. పోగొట్టుకోవడం ఇష్టంలేక ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయి, చివరికి డాలరు నోటుకి డాలరు కంటే ఎక్కువ పాడతారు.

నొక్కుడు వేలం ఆ ఆటకు పెద్దన్న. ఇక్కడ రెండోవాడే కాదు, ఓడిన ప్రతివాడూ కట్టాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రొఫెసర్ నెడ్ ఆగెన్‌బ్లిక్ ఇలాంటి 1,66,000 వేలాల లెక్కలు తీసి పరిశీలించారు. 2016లో ఆయన పరిశోధన అచ్చయింది. సైట్లకు సగటున 50 శాతానికి మించి లాభం వచ్చినట్టు అందులో తేలింది. కారణం? పోయిన డబ్బును మరిచిపోలేక జనం మళ్లీ మళ్లీ నొక్కడమేనని ఆయన తేల్చారు. ఆటగాళ్లు పాఠం నేర్చుకుంటారట, కానీ చాలా నెమ్మదిగా. ఈలోగా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు.

జర్మనీలో మొదలై...

ఈ వేలాలకు పేరు తెచ్చింది జర్మనీలో 2005లో మొదలైన ‘టెలిబిడ్’. తర్వాత అదే ‘స్వూపో’ అయ్యి 2008లో అమెరికా చేరింది. టీవీలు, ల్యాప్‌టాప్‌లే కాదు.. నగదును, ఆఖరికి నొక్కుల కట్టలను కూడా వేలానికి పెట్టింది. 2011 మార్చిలో మూతపడింది. ఈలోగా 2009లో అమెరికాలో క్విబిడ్స్, ఫిన్లాండ్ వాళ్ల డీల్‌డాష్ వంటివి పుట్టుకొచ్చాయి.

ఫిర్యాదులు పెరగడంతో 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనాన్ని హెచ్చరించింది. ఇది మామూలు వేలంలా కాదు, లాటరీలాంటిదని చెప్పింది. పేరు నమోదు చేసుకోగానే కార్డులోంచి డబ్బు లాగేసే సైట్లున్నాయని, గెలిచిన వస్తువు ఆలస్యంగా వస్తోందన్న ఫిర్యాదులున్నాయని వివరించింది. మనిషి కాకుండా కంప్యూటరే దొంగ నొక్కులు నొక్కి ధర పెంచే మోసం గురించి కూడా జాగ్రత్త చెప్పింది.

ఈ దొంగ నొక్కు సంగతి మనవాళ్లకు చప్పున అర్థమవుతుంది. పాటలో తన మనిషినే జనంలో నిలబెట్టి ధర పెంచించే పద్ధతి మనూళ్లలోనూ ఉంది. కాకపోతే చేపల పాటలో ఆ మనిషి మొహం కనిపిస్తుంది. ‘నువ్వు వాళ్ల బావమరిదివి కదా’ అని నిలదీయొచ్చు. తెర మీద పేరు వెనక మనిషి ఉన్నాడో, యంత్రం ఉందో ఎవరు చూడొచ్చారు?

అలాగని ఈ సైట్లన్నీ దొంగవని కాదు. నిజంగా వస్తువు పంపినవీ ఉన్నాయి. ఖల్లికోట కుర్రాడి స్నేహితుడొకరు బరంపురంలో ఇలాగే ఒక పెన్‌డ్రైవ్ గెలుచుకున్నాడు. అది పోస్టులో వచ్చింది కూడా. దాన్ని చూసే తనకు నమ్మకం కుదిరిందని అతనంటాడు. గెలిచినోడు నలుగురికీ చూపిస్తాడు. ఓడినోళ్లు నోరు మెదపరు. మోసం ఏమీ లేకుండా నిబంధనల ప్రకారమే నడిచినా సరే, ఓడినవాళ్ల సొమ్ముతోనే ఈ బండి కదలాలి. అసలు కిటుకు అదే.

ఎస్సెమ్మెస్ పాటలో బ్యాలెన్స్ ఖాళీ

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో రకం ఉంది. ‘అందరికంటే తక్కువ ధర, ఇంకెవరూ చెప్పని ధర’ చెప్పినవాడికి వస్తువు. కారు రూ.12.35కి, టీవీ రూ.7.10కి అని ఊరిస్తారు. ధరను ఎస్సెమ్మెస్‌గా పంపాలి. ప్రతి ఎస్సెమ్మెస్‌కీ మామూలు కంటే ఎక్కువ చార్జీ. మిగతావాళ్లు ఏ ధర పంపారో కనపడదు కాబట్టి ఇది చీకట్లో రాయి విసరడమే.

బరంపురంలో చిన్న కిరాణా కొట్టు నడిపే ఒకాయన ఇలాగే మోటారు సైకిలు కోసం వారం రోజులు ఎస్సెమ్మెస్‌లు పంపారు. ‘‘పంపిన ప్రతిసారీ ‘మీరు చాలా దగ్గరకొచ్చారు, ఇంకోసారి ప్రయత్నించండి’ అని జవాబు వచ్చేది. అది మనిషి రాసింది అనుకున్నాను బాబూ. రీచార్జి చేయించడం, అది అయిపోవడం.. ఎంత పోయిందో మా ఆవిడ పుస్తకంలో రాసి చూపిస్తే గానీ తెలీలేదు. కొట్లో అరువు ఇచ్చిన దానికి లెక్క ఉంది గానీ, దీనికి లేకపోయింది’’ అని నవ్వేశారు.

ఆ రోజుల్లో మొబైల్ అదనపు సేవల పేరిట అడక్కుండా బ్యాలెన్స్ కోసేస్తున్నారన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. 2013 జూలైలో ట్రాయ్, వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే అలాంటి సేవ మొదలుపెట్టాలని కంపెనీలను ఆదేశించింది. అయితే మనంతట మనమే నొక్కి పంపేదాన్ని ఏ ఆదేశమూ ఆపలేదు.

పాట ముసుగులో గొలుసు

నొక్కుడు వేలం పేరుతో జరిగిన అతి పెద్ద మోసం అమెరికా ఉత్తర కరోలినా రాష్ట్రంలో బయటపడింది. ‘జీక్లర్’ అని ఒక వేలం సైటు. దానికి అనుబంధంగా ‘జీక్ రివార్డ్స్’ అని ఇంకో పథకం. మీరు నొక్కులు కొని పంచండి, రోజూ ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టండి, వేలాల లాభంలో రోజూ వాటా ఇస్తాం అన్నారు. కొత్తవాళ్లను చేర్చినవాళ్లకు అదనం.

2012 ఆగస్టులో అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ కోర్టుకెళ్లి దాన్ని ఆపించింది. పది లక్షల మందికి పైగా చేరిన, 60 కోట్ల డాలర్ల పోంజీ పథకమని చెప్పింది. వేలాల లాభం అని పంచినదంతా దాదాపుగా కొత్తగా చేరినవాళ్ల డబ్బే. నిర్వాహకుడు పాల్ బర్క్స్‌కు 2017 ఫిబ్రవరిలో 14 ఏళ్ల 8 నెలల జైలు శిక్ష పడింది.

కొత్తవాళ్ల సొమ్ము పాతవాళ్లకు పంచే ఈ గొలుసు ఒడిశావాళ్లకు బాగా తెలిసినదే. చిట్‌ఫండ్ పేరు పెట్టుకుని డిపాజిట్లు సేకరించిన కంపెనీలు 2013లో ఒకటొకటిగా కుప్పకూలాయి. రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ ఎం.ఎం.దాస్ కమిషన్‌ను వేసింది. 2014 మే 9న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అప్పుడు కూడా మన ఊరి చీటీ పాట మీదున్న నమ్మకాన్నే ఆ కంపెనీలు వాడుకున్నాయి. పేరు చీటీ, లోపల చీటీ లేదు. ఇక్కడ పేరు వేలం, లోపల వేలం లేదు. తెలిసిన పేరు చూసి తెలియని దాంట్లో కాలు పెట్టడం దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు.

అప్పటికీ ఇప్పటికీ మారిందేమిటి?

2012లో ఖల్లికోట కుర్రాడు ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియక ఊరుకున్నాడు. తెలిసినా లాభం తక్కువే. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అవతలి కంపెనీ ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో కేసు వేయాలి. ఆ సైటులో ఊరు పేరే లేదు.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం ఈ చిక్కు తీర్చింది. ఫిర్యాదుదారుడు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే, గంజాం జిల్లావాళ్లు బరంపురంలోని వినియోగదారుల కమిషన్‌కు, ఇచ్ఛాపురం, సోంపేటవాళ్లు శ్రీకాకుళం కమిషన్‌కు వెళ్లొచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లు కంపెనీ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నెలలోగా పరిష్కరించాలి. 2023 నవంబరు 30న కేంద్రం 13 రకాల మాయ పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఇంకో నిమిషమే ఉంది, త్వరపడండి’ అంటూ లేని తొందర పెట్టడం, ఖర్చులు దాచి చివర్లో చూపించడం అందులో ఉన్నాయి.

డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టాన్ని 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. అయితే చట్టం వచ్చిందని చెప్పి ఉచ్చు పన్నేవాడు ఇంట్లో కూర్చోడు. ఇంకో పేరు, ఇంకో బొమ్మతో వస్తాడు. పేరు చూసి కాకుండా లెక్క చూసి పోల్చుకోవడమే మన చేతిలో ఉన్న పని.

నొక్కే ముందు...

* ఓడితే డబ్బు వెనక్కి వస్తుందా? రాదంటే అది వేలం కాదు. అక్కడితో ఆగిపోండి.

* తెర మీద కనిపించే ధరను ఒక్కో నొక్కుకి పెరిగే పైసలతో భాగించండి. ఎన్ని నొక్కులు పడ్డాయో తెలుస్తుంది. దాన్ని నొక్కు ఖరీదుతో గుణించండి. ఆ సొమ్ము వస్తువు ఖరీదు దాటిందంటే మిగులు ఎవరిదో అర్థమైపోతుంది.

* సైటులో కంపెనీ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు లేకపోతే కార్డు నంబరు, యూపీఐ పిన్ ఇవ్వొద్దు.

* ‘ఆటో’ అని ఉన్నచోట డబ్బు వదిలి వెళ్లొద్దు. మీరు నిద్రపోతారు, అది నిద్రపోదు.

* ఇతరుల కార్డు మీద, ఇతరుల ఫోన్ మీద డబ్బు కట్టొద్దు. తర్వాత ఫిర్యాదు చేయడానికి మీ పేరిట ఆధారం ఉండదు.

* నలుగుర్ని చేర్చితే వాటా ఇస్తామన్నారంటే అది గొలుసు పథకం. 1978 నాటి చట్టం ప్రకారం అలాంటివి నడపడమే కాదు, అందులోకి జనాన్ని చేర్చడం కూడా నేరమే.

మోసపోతే...

* డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. బరంపురంలో సైబర్ పోలీసు స్టేషన్ ఉంది.

* వస్తువు రాకపోయినా, చెప్పిందొకటి పంపిందొకటి అయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

* తెర మీద కనిపించిన నిబంధనలు, డబ్బు కట్టిన రసీదు, వచ్చిన మెసేజ్‌లు ఫోటో తీసి దాచుకోండి. పేజీ రేపటికి ఉండకపోవచ్చు.

దుకాణంలో ఒక ప్రశ్న

ఖల్లికోట బజార్లో ఆ సెల్‌ఫోన్ల దుకాణం సాయంత్రం కుర్రాళ్లతో నిండిపోతుంది. కొందరు సూరత్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, కొందరు కాలేజీ పిల్లలు. ‘అన్నా, ఈ యాప్‌లో అరవై వేల ఫోన్ తొమ్మిదొందలకే వస్తోంది చూడు’ అంటూ ఎవడో ఒకడు తెర చూపిస్తాడు. అతను వద్దని చెప్పడు. వద్దంటే వినే వయసు కాదని అతనికి తెలుసు. తన వయసులో తానూ వినలేదు కదా.

ఒక్కటే అడుగుతాడట. ‘‘సరే రా.. నీకు దక్కకపోతే నీ డబ్బులు ఎవుడికి పోతాయి?’’

కుర్రాడు ఫోన్‌లో నిబంధనలు వెతుకుతాడు. కొందరు అక్కడే ఆ యాప్ తీసేస్తారు. కొందరు నవ్వేసి వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఉన్న ఫోన్ అమ్మిపెట్టమని అడగడానికి!

అమ్మకానికి వచ్చిన ఫోన్‌ను వెంటనే కొనేయడు అతను. ‘‘ఇంట్లో చెప్పావా’’ అని అడుగుతాడు. చెప్పలేదంటే, ‘‘ముందు మీ అమ్మకి చెప్పి రా’’ అని పంపేస్తాడు. దుద్దుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.